నా భయానికి ఆగిన రొద

ఉప్పుగాలికి మా అబ్బాయి సామేలు గిటారు ఆంప్లిఫయర్‌లో మారుమోత ఇచ్చే స్ప్రింగులు తుప్పుపట్టి తెగిపోయినాయి. రేపు చర్చిలో పెళ్లికి వాయించాల. మద్రాసు నుంచి తెప్పించిన కొత్త స్ప్రింగుల పెట్టె ఈ రోజు బిగించినాడు. స్విచ్చి వేస్తే ఒకటే గుయ్యిమని రొద! వాడి ముఖం మాడిపోయింది. నాకేమో ఆ పెట్టె వైర్ల కొన, లోపల వేడెక్కే ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉందని భయం.

"ఒరే, ఎండుచేపల గంప పొయ్యి పక్కన పెడతామా? ఆ వైర్ల కొన అటు తిప్పరా, కాలిపోతుంది!"

"కాలదు మా, నువ్వూరుకో."

"తిప్పేదాకా అన్నం ముట్టను."

నా పోరు పడలేక స్విచ్చి ఆపి, పెట్టెని అటుకొన ఇటు తిప్పి బిగించినాడు. మళ్లీ వేస్తే రొద లేదు! తీగ మీటితే బావిలోకి కేకేసినట్టు ఇల్లంతా మోగింది.

"ఆ ట్రాన్స్‌ఫార్మర్ రొదనే ఈ వైర్లు లాగినాయి. నువ్వే మేస్త్రీవి మా!" అన్నాడు నోరెళ్లబెట్టి.

పిరికిదాన్నని నన్ను ఎగతాళి చేసేవాళ్లంతా ఇప్పుడేమంటారో చెప్పండి, వింటా. అవునూ, రేపు కరెంటు పోదు కదా?