బరువు దించుకునే రాయి

మా చిక్కపేట వీధి పెద్దమ్మ పోయింది. పొద్దున పాలకని బయటికొస్తే ఆమె కొడుకు గుమ్మంలో నిలబడి, "అమ్మ లేదప్పా" అన్నాడు. నాకు ఆమె బంధువు కాదు, ఎదురింటావిడ. వీధిలో అందరికీ పెద్దమ్మే. ఆఖరి రోజుల్లో ఆమె అడిగింది ఒక్క రాయి. అదీ పెట్టించలేకపోయాం.

ఆమె ఇంటి ముందు భుజమెత్తు రాయి ఉండేది. రెండు నిలువు రాళ్ల మీద ఒక అడ్డబండ, అంతే. బట్టల మూట మోసుకొచ్చే హమాలీ, ఇంకొకరి సాయం లేకుండా మూటను దాని మీదికి జరిపి, కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ నెత్తికెత్తుకునేవాడు. పక్కనే పెద్దమ్మ పెట్టిన నీళ్ల కుండ. ఎవరైనా జంకితే, "నీళ్లకి కులమేందప్పా, తాగు" అని కసిరేది. ఎండాకాలం మజ్జిగ కూడా పోసేది. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే!

తర్వాత వీధిని బాగుచేశారు. రాయి తీసేసి నున్నటి ఫుట్‌పాత్ వేశారు, బెంచీలు పెట్టారు. పాత చిక్కపేట కళ కనబడాలట! వీధి చివర గోడ మీద మూట మోసే హమాలీ బొమ్మ గీయించారు. ఆ బొమ్మను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దమ్మకు కోపం రాలేదు. పని చూడ్డానికొచ్చిన ఇంజినీరును కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది.

"బెంచీలు బాగుండాయప్పా. నెత్తిన మూట ఉండేటోడు ఎట్ల కూర్చుంటాడు? గోడ మీద ఉండేటోడికి బరువు లేదు. బతికుండేటోడికి ఒక రాయి పెట్టు."

"డిజైన్‌లో లేదమ్మా. చూస్తాం."

"మోయించుకునే ఊరు దించుకునే చోటు చూపించాల కదప్పా!"

అతను తలూపి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆమె మాత్రం హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఎవరు కనబడినా, "రాయి ఎప్పుడప్పా?" అని అడిగేది. మంచాన పడ్డాక నన్నడిగేది. వస్తుంది పెద్దమ్మా అనేవాణ్ణి. ఇంకేం చెప్పను?

దింపుడు కళ్లానికి పాడెను ఆ బొమ్మగోడ ముందే దించారు. కొడుకు ఆమె చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలిచాడు. అప్పుడే ఎదురుగా వస్తున్న ముసలి హమాలీ ఒకడు ఆమెను గుర్తుపట్టి ఆగిపోయాడు. నెత్తిన పెద్ద మూట, రెండు చేతులూ దాని మీదే. దండం పెట్టాలని ఉంది, ఎక్కడ దించుతాడు? ఆ చివరా ఈ చివరా చూశాడు. నేను పరుగెత్తి చెయ్యేసి మూట దించేలోపే పాడె లేచింది. అది మలుపు తిరిగాక, ఆమె లేని ఆ వీధికి అతను దండం పెట్టాడు.