కొండ వాటా

యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా: నేటి నుంచి మందస ఆటోస్టాండులో ఎవరి చెప్పులూ మాయం కావు. ఎవరి గొడుగు విప్పినా నెత్తిన జీడిపిక్కలు రాలవు. టీకొట్టు బల్లకింద ఉండే రబ్బరు తేలుకి విశ్రాంతి ఇవ్వడమైనది. తొమ్మిదో తరగతి తప్పి ఆటో తోలుకుంటున్న నేను నా కోతిపనులన్నిటికీ సెలవు ప్రకటించాను. కారణం ఒక్కటే. మా గొర్రెల మావ మొన్న పొద్దున్న పోయాడు.

నాకు చుట్టమేం కాదు. ఊరందరికీ మావే. కొండకింద నుంచి మందని తోలుకొచ్చి స్టాండు పక్కన ఆపి, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. తాగడం అయ్యాక గొర్రెలకేసి తిరిగి "పదండమ్మా" అనేవాడు. మమ్మల్ని మాత్రం "ఒరే" అనే పిలిచేవాడు. మర్యాద ఎవరికి ఇవ్వాలో ఆయనకి తెలుసు.

తోడేలు అరుపు నాకు నేర్పింది ఆయనే. మహేంద్రగిరి కొండల్లో తోడేళ్ళు తిరిగిన రోజులు ఎరిగున్నవాడు. మా ఈడు వాళ్ళం ఒక్కరమూ చూడలేదు. బేరాల్లేని మధ్యాహ్నం ఆటోలో పక్కన కూచుని పాఠం చెప్పేవాడు.

"కుక్కలాగ మొరగకురా. కడుపులోంచి లాగు."

లాగేవాణ్ణి.

"ఏడిసినట్టుంది. అది ఏడుపు కాదెహె, పిలుపు. నానిక్కడున్నాను, నువ్వెక్కడున్నావని అడగడం."

గొర్రెపిల్లకి చెవి కాస్త కోసి, ఎవరి మందదో గుర్తు పెట్టుకుంటారు కదా. మావ వాళ్ళింట్లో ఏడాదికొక పిల్లకి చెవి కొయ్యరు. అది కొండ వాటా. ఆ ఏడు తోడేలు ఏ పిల్లని ఎత్తుకుపోయినా తిట్టరు, "వాటా తీసుకుంది" అంటారు. అప్పుడు ఆ కొయ్యని చెవిని కోసి, అది మాది అనుకుంటారు. తోడేళ్ళు పోయాక ఆ చెవులు కొయ్యడానికి లేకుండా పోయింది. అలాంటి వాటిని మావ అమ్మేవాడూ కాదు, కూరకి కోసేవాడూ కాదు. మందలో ముసలివైపోతూ తిరిగేవి.

తొంభైలు అయిపోవచ్చే రోజుల్లో అడవి ఆఫీసరొకాయన వచ్చాడు. కొండల్లో తోడేళ్ళని మళ్ళీ వదిలితే ఏమంటారని ఊరి మాట అడిగాడు. బడి వరండాలో మీటింగు పెట్టారు.

"ఎలుగుబంట్లు సాలవేటి? తెల్లారకముందే జీడితోటలోకెల్లాలి మేం" అంది పిక్కలేరుకునే అప్ప ఒకామె. ఆమె మాటా తప్పు కాదు.

మావ లేచాడు. జనం ముందు ఆయన మాట్లాడటం అదే మొదలు. కర్రని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"అడివిపందులు దుంపసేలు కుళ్ళబొడిసేత్తన్నాయని మీరే ఏడుత్తన్నారు. తోడేలుంటే పందులకి బయముంతాది. మీ జీవాలకి బయం లేదు. నా మందలో కొండ వాటాలున్నాయి, ముందు అయ్యే ఇత్తాను. ఇంకా కావాలంటే..."

జనం నెమ్మదించారు. దుంపసేల వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆఫీసరు కళ్ళజోడు తీసి వింటున్నాడు.

అప్పుడు వెనకనుంచి నేను అరిచాను. కడుపులోంచి లాగి, పొడుగ్గా.

ఓ చిన్నపిల్ల బెదిరి తల్లి చంకెక్కేసింది. వరండా అంతా విరగబడి నవ్వింది. "మావోయ్, నీ సుట్టం దిగిపోయాడు, ఇస్తరెయ్యి" అన్నాడెవడో. మావ ఆగిపోయాడు. జనంలో నన్ను వెతికి పట్టుకుని చూశాడు.

"ఇప్పుడొచ్చిందిరా సరిగ్గా" అన్నాడు. కూచున్నాడు. ఆ 'ఇంకా కావాలంటే' తరవాత మాట ఏమిటో ఎవరమూ అడగలేదు.

తోడేళ్ళు వద్దన్నవాళ్ళని చెయ్యెత్తమన్నారు. అందరం ఎత్తాం. నాదీ లేచింది. జీడితోటా లేదు, గొర్రే లేదు, నాకెందుకో మరి.

మర్నాడు ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. సాసర్లో టీ సగం తాగి, మిగతా సగం నా చేతికిచ్చాడు. తిట్టుంటే బాగుండేది, తిట్టుకి ఎదురుతిట్టు నా దగ్గరెప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ టీకి మాత్రం ఇన్నేళ్ళైనా బదులు దొరకలేదు. ఆ తరవాత కూడా ఏటా ఒక పిల్లకి చెవి కొయ్యకుండా వదిలేవాడు.

"రాని సుట్టానికి ఇంకా ఇస్తరెందుకు మావా?" అని ఒకసారి గెలికాను.

"ఏసుంటే గదరా, ఒచ్చినోడు కూకుంతాడు" అన్నాడు.

మొన్న కొండకిందే పాతిపెట్టాం. మంద దగ్గర్లోనే ఉంది. ఆఖరి మట్టి వేస్తుంటే పైనుంచి ఒక అరుపు వినిపించింది. పొడుగ్గా, కడుపులోంచి. చెవి కొయ్యని గొర్రెలు మేత మాని తలలెత్తాయి. పలాస దాకా నా ఆటో ఎక్కిన ప్రతి మనిషికీ ఇదే చెబుతున్నాను. నమ్ముతున్నారు.

ఆ అరుపు నేను కల్పించింది. కొండ ఏమీ అనలేదు. అనడానికి అక్కడెవరున్నారు, చేతులెత్తాం కదా. మట్టి వేసినవాళ్ళు ఒక్కొక్కరూ తల తిప్పి, అరుస్తానేమోనని నా నోటివైపు చూశారు. నేను వంగి ఇంకో గుప్పెడు మట్టి వేశాను. గొర్రెలు మేస్తూనే ఉన్నాయి.