అత్త చేతిలో రెండు పుల్లలు

మా మేనత్త పోయింది. ఉదయం మేకలకు కుడితి పెట్టి వచ్చి అరుగు మీద కూర్చుని, కూర్చున్నట్టే పక్కకు ఒరిగిందట. అనంతపురంలో, కాలేజీలో నా మొదటి క్లాసు ముగించుకుని బయటికి వస్తుంటే నాయన ఫోన్ చేశాడు.

"అత్త పోయింది పాపా," అన్నాడు.  తర్వాత, "వచ్చేటప్పుడు ఫోటో తెచ్చుకోని రా. ఆధార్ కార్డులో అక్క దొంగ మాదిరి ఉండాది. ఆ పొద్దు జపాన్ హోటల్లో తీసింది నీ ఫోన్లో ఉండాది గదా, అది," అన్నాడు.

నా ఫోన్లో ఆ ఫోటో లేదు. నేనే తీసేశాను. "ఫోన్ పాడైంది నాయనా, చూస్తాలే," అని అబద్ధం చెప్పాను. అత్త గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చుంటే ముందుగా ఈ అబద్ధమే అడ్డం వస్తోంది. అందుకే దాన్నే ముందు చెబుతున్నాను.

అత్త నాయనకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే మామ పోతే, గుమ్మఘట్ట దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో చివరి మాట ఆమెదే. శెనక్కాయ ఎప్పుడు విత్తాలన్నా, ఏ మేకను అమ్మాలన్నా నాయన "అక్కను అడగల్ల" అనేవాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. పీజీ చేసి, లెక్చరర్‌నై, నలుగురికి పాఠం చెప్పే స్థితికి వచ్చాక కూడా "పాపను అడగల్ల" అన్న మాట నాయన నోట రాలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను.

చిన్నప్పుడు బోండాలు కట్టించుకు వస్తే, తినకముందే అత్త ఆ కాగితాన్ని మోకాలి మీద సాపు చేసేది. "ఏమి రాసిండారో సదువు పాపా," అనేది. ఆ పాత వారపత్రిక కథను నూనె మరకల మధ్య నుంచి కూడబలుక్కుని చదివేదాన్ని. మరుసటి రోజు బోరింగు దగ్గర అదే కథను గొంతులు మార్చి చెప్పేది. బిందెలు నిండి పొర్లుతున్నా ఆడవాళ్లు కదిలేవాళ్లు కాదు. చదివింది నేను, జనం చేరేది ఆమె చుట్టూ. ఒకసారి కాగితం సగానికి చిరిగి ఉంటే ముగింపు తానే కల్పించింది. "అది అబద్ధం, దాంట్లో అట్ల లేదు," అని నేను అరిచాను. "నువ్వుండు పాపా, మీ అత్తను చెప్పనీ," అని నన్నే కసిరారు. అత్త మాత్రం నా వైపు తిరిగి, "సదువుకున్నదానివి, నువ్వే చెప్పు మళ్ల," అంది. నాకు చెప్పడం రాలేదు. "సదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అనేది ఆమె ఊతపదం. చాలా ఏళ్లు అది ఎత్తిపొడుపే అనుకున్నాను.

నిరుడు అనంతపురంలో సెల్‌ఫోన్ల అంగడి పైన మేడ మీద జపాన్ వంటల హోటల్ పెట్టారు. అంతా జపానే కాదు. సుషీలో గోంగూర చికెన్ ఉంటుంది, నూడుల్స్ మీద శెనక్కాయ పొడి చల్లుతారు. నాయననూ అత్తనూ అక్కడికి తీసుకుపోవాలని అనుకున్నాను. అక్కడైతే వాళ్లకు ఏమీ తెలియదు, అన్నీ నన్నే అడగాలి. నెల రోజులు రెండు పెన్సిళ్లతో పళ్లెంలోని శెనగబేడలు ఏరుతూ జపాన్ వాళ్లు తినే పుల్లలు, అదే చాప్‌స్టిక్స్, పట్టడం నేర్చుకున్నాను. మేకలను చూసుకోవాలని అమ్మ రాలేదు.

వడ్డించే అమ్మాయిది మణిపూర్. ఏమేం కావాలో ఇంగ్లీషులో వివరంగా చెప్పాను, నాయన వింటున్నాడో లేదో ఓరగా చూస్తూ. ఇంతలో అత్త ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "యావ ఊరు మగళే?" అంటూ, ఏ ఊరు బిడ్డా అని కన్నడంలో అడిగింది. ఆ అమ్మాయి ముఖం విప్పారింది. అంతకుముందు బెంగళూరులో పనిచేసిందట. ఇద్దరూ తల్లీకూతుళ్లలాగా మొదలుపెట్టారు. కర్ణాటక సరిహద్దులోని మా ఊళ్లో కన్నడం అందరి చెవిన పడేదే. ఇంగ్లీషు పట్టుకునే తొందరలో నేను దాన్ని వదిలేశాను. అర్థమవుతుంది, నోరు తిరగదు. నా ఇంగ్లీషు బల్ల మీది మెనూ కార్డులాగా పక్కకు జరిగింది.

పళ్లెం అంచున పెట్టిన, ఘాటు ముక్కుకెక్కే పచ్చటి వసాబీ ముద్దను అత్త పచ్చిమిరపకాయల ఊరిబిండి పచ్చడి అనుకుంది. నేను చెప్పేలోపే మొత్తం నోట్లో వేసుకుంది. కళ్ల నుంచి, ముక్కు నుంచి నీళ్లు. దాచడమెందుకు, నాకు లోపల సంతోషమే కలిగింది. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, "అబ్బ! మూడు దినాల పడిశం ఒక్క దెబ్బకు వదిలె. ఇంకొంచెముంటే తే మగళే," అంది. పక్క బల్ల వాళ్లు కూడా నవ్వేశారు. ఆ నవ్వు ఆమెను చూసి కాదు, ఆమెతో కలిసి.

ఇక పుల్లలే మిగిలాయి. "అత్తా, కింది పుల్ల కదలకూడదు. పైదే ఆడల్ల," అని చూపించబోయాను. పళ్లెంలోని కుడుము ఒకటి ఎత్తితే, జారి పులుసులో పడింది. "నాకొక స్పూను ఇప్పిచ్చు పాపా," అన్నాడు నాయన. అత్త తన పుల్లలను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి జెముడుకాయల పుల్లలే గదరా!" అంది. ఒక్క చేత్తో పట్టుకుని, జారే కుడుమును నలగకుండా పైకి ఎత్తింది.

కరువు ఏడాదుల్లో గింజలు లేక కంచెల మీది నాగజెముడు పండ్లు తినేవాళ్లట. వాటికి ఒళ్లంతా ముళ్లే, చెయ్యి పెట్టలేం. రెండు పుల్లలతో తెంపి, ఇసుకలో దొర్లించి, ఒలవాలి. "నువ్వు సంకనుంటివి. ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి కాయకు," అంది అత్త నాయనతో. "మూతంతా ఎర్రగ చేసుకోని, ఇంకా ఇంకా అని నా జుట్టు పీకేటోనివి." అంటూనే ఆ కుడుమును నాయన నోటి ముందు పెట్టింది. మీసాలు నెరిసిన మా నాయన, అంతమంది ముందు నోరు తెరిచాడు. ఆ క్షణంలో ఆమెను చూసినట్టు ఆయన నన్ను ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడు నువ్వు నోరు తెరువు పాపా," అని ఇంకో కుడుము నా వైపు చాచింది.

"నాకు వచ్చు అత్తా. నేనే తింటా." తల తిప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఆ మణిపూర్ అమ్మాయి తన ఫోన్లో ఫోటో తీసి నాకూ పంపింది. వాళ్లతో ఊరికి పోతూ బస్సులో చూశాను. అత్త చెయ్యి చాచి ఉంది, నాయన నవ్వుతున్నాడు, నేను మొహం తిప్పుకుని ఉన్నాను. నా ముఖంలో ఏముందో ఎవరు చూసినా చెప్పగలరు. కళ్యాణదుర్గం రాకముందే తీసేశాను.

మరుసటి రోజు బోరింగు దగ్గర అత్త ఆ పుల్లల కథ చెప్పింది. జెముడుకాయల ఊసే ఎత్తలేదు. "మా పాప నేర్పిచ్చింది. సదువుకున్నది గదా," అంది. నాకు అది ఇంకా మండింది. గొప్పతనం నాకు ఇవ్వడంలోనూ ఆమే గొప్పదైంది.

అత్తను మట్టిలో పెట్టిన మూడో నాడు, ఆ అమ్మాయి ఫోన్లో ఫోటో ఉంటుందేమోనని ఆ హోటల్ మెట్లు ఎక్కాను. గోడ మీద అతికించిన గిరాకీల ఫోటోల మధ్య మాదీ ఉంది. ఏడాదిగా నా అసూయ అక్కడ అందరికీ కనబడుతూనే ఉంది. "అమ్మ హేగిద్దారె?" అని ఆ అమ్మాయి ఆత్రంగా అడిగింది. ఎలా ఉందని. నాకు తిరిగిన కన్నడం ఒక్క మాటే.

"ఇల్ల," అన్నాను. లేదని.

ఆ అమ్మాయి గోడ దగ్గరికి పోయింది. గోరుతో టేపు మెల్లగా ఒలిచి ఫోటో నా చేతిలో పెట్టింది.

స్టూడియో అతను దాన్ని పెద్దది చేస్తూ, "ఇది మీరే గదా మేడం? బతికుండే మనుషులకు దండ తగలకూడదు. మిమ్మల్నీ పెద్దాయన్నీ కోసేస్తా," అన్నాడు. "కొయ్యప్పా," అన్నాను.

పదకొండో నాడు నాయన ఆ పటాన్ని గోడకు తగిలించి చాలాసేపు చూశాడు. "ఈడ నువ్వుంటివి గదా పాపా?"

"ఉంటి నాయనా. ఫోన్ పాడు కాలేదు. ఆ ఫోటో నేనే తీసేసింటి."

పటం వంకర సరిచేస్తూ అన్నాడు: "అక్క ఆ పొద్దు బస్సులోనే చెప్పె. పాప మొకం మాడ్చుకోనుండాది, ఆ పుల్లలు నాకు రానట్టు ఉండాల్సిండె అనె."

అది కూడా ఆయనకే చెప్పింది. నాకు చెప్పలేదు.

ఇంతలో ఎవరో, "అన్నా, ఇస్తరాకు కొస యా పక్కకు ఉండల్ల?" అని అడిగారు. "అక్కను అడ..." అని నాయన ఆగిపోయాడు. నా వైపు చూడలేదు. పటం వైపు చూశాడు.

పటంలో అత్త చెయ్యి చాచే ఉంది. రెండు పుల్లల మధ్య కుడుము, దాని అవతల పటం ఫ్రేము అంచు. అందరూ భోజనాలకు లేచాక, నేను ఆ అంచు పక్కన గోడకు ఆనుకుని, ఫోటోలో నా ముఖం ఉండాల్సిన చోట నిలబడ్డాను.