మొదటి లెక్క

మా మాన్యువల్ సార్ పోయారన్న కబురు నాకు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చింది. నేను నమ్మలేదు. పంపిన నంబరు ఎవరిదో తెలియదు. ఎప్పుడు పోయారో, ఎలా పోయారో అందులో లేదు. ఆఫీసులో పనిచేసే ఒకాయనకు ఫోన్ చేస్తే "అవును, నాక్కూడా వచ్చింది మెసేజ్" అన్నాడు. చదివి వినిపించమన్నాను. పొల్లుపోకుండా నాకు వచ్చిందే. ఒక చోట పుట్టిన మాట పది మంది నోట విన్నా అది ఒక్క మాటే గానీ పది మంది సాక్ష్యం కాదని సార్ అనేవారు. అందుకని ఉప్పల్‌లో బస్సెక్కి నాచారం వెళ్లాను.

సందు మలుపు తిరగగానే తెలిసిపోయింది. ఆయన గేటు ముందు నుంచి రోడ్డు దాకా చెప్పులే. అప్పుడు నమ్మాను. నమ్మాక పక్కింటి మెట్ల మీద కూర్చుండిపోయాను.

లోపల ఆయన భార్య నన్ను గుర్తుపట్టారు. "మందు సీసా మీద చీటీ కూడా నమ్మేవారు కాదు బాబూ. డాక్టరు రాసిన కాగితం, షాపువాడిచ్చిన సీసా పక్కపక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసుకున్నాకే మింగేవారు" అని నవ్వబోయి ఏడ్చేశారు.

పోయినవాళ్లందరూ మన దగ్గర ఒక్క రోజులో మహానుభావులైపోతారు. ఆఫీసులో పెట్టిన సంతాప సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని "కొత్తగా వచ్చినవాళ్ల సందేహాలన్నీ చిటికెలో తీర్చేవారు" అన్నాడు. శుద్ధ అబద్ధం. సార్ ఎవరి సందేహమూ తీర్చిన పాపాన పోలేదు. ఉన్నదానికి ఇంకొకటి కలిపి పంపేవారు. ఇలాంటివి విన్నాకే నేను ఇది రాయాలనుకున్నాను. చదివేవాళ్లు నన్ను కూడా కాస్త అనుమానంగానే చదవండి, ఆయన ఆత్మ సంతోషిస్తుంది.

మాది ఉప్పల్ రోడ్డు మీద ఒక పరిశోధన సంస్థలో భూగర్భ జలాల విభాగం. ఊళ్లు తిరిగి బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలిచి తెస్తాం. ఆ అంకెలు ఇస్తే నేల లోపల నీళ్లు ఎటు కదులుతున్నాయో, వేసవికి ఎంత లోతుకు పోతాయో ఒక సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి చెబుతుంది. దాని డాక్యుమెంటేషన్ ఒక అడవి. ఇటుకల్లాంటి పుస్తకాలు కొన్ని బీరువాలో, మిగతాది సీడీల్లో, ఇంకా మిగిలింది ఇంటర్నెట్‌లో. ఒకదాంట్లో ఉన్నమాట ఇంకొకదాంట్లో ఉండదు. జిల్లాల్లోని కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు పక్కవాడు ఏ బటన్ నొక్కితే అదే నొక్కి, ఏదో ఒక రంగుల పటం రాగానే అమ్మయ్య అనుకునేవాళ్లు. అలాంటివాళ్లకు ఏది ఎక్కడ రాసి ఉందో చూపించడం సార్ పని. కాగితాల మీద ఆయన ఉద్యోగం పేరు వేరే ఏదో ఉండేది. మాకందరికీ మాన్యువల్ సారే.

నేను చేరింది తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో. మాది భువనగిరి దిక్కు. పీర్జాదిగూడలో గది. ఉద్యోగం కాంట్రాక్టుది, పని మొదలుపెట్టానని రిపోర్టు పోతేనే పొడిగింపు. పొడిగించకపోతే మల్లాపూర్‌లో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాలి. అక్కడే పనిచేసే మా బావ ముందుజాగ్రత్తగా సూపర్‌వైజర్ చెవిన ఒక మాట వేసి కూడా పెట్టాడు. ఆఫీసులో చూస్తే క్యాంటీన్ బల్లలు సైతం వేరుపడి ఉన్నాయి. ఈ బల్ల మనది, ఆ బల్ల వాళ్లది. మాన్యువల్ సార్ కోస్తా జిల్లా మనిషి. బీరువా తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. నా అనుమానానికి ఇంతకంటే ఏం కావాలి?

దానికి మా సీనియర్ అన్న ఒకాయన ఆజ్యం పోశాడు. ఆయనది మా జిల్లానే. మొదటిరోజే టీ తాగుతూ చెప్పాడు.

"తమ్మీ, గా సార్‌తోని జర పైలం. మనోళ్లకు తప్పు ఫైలు ఇస్తడు."

"ఎందుకన్నా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? మనం నేర్సుకుంటె ఆయన దగ్గరికి ఎవడు వోతడు? నాకైతే మస్తు షక్ ఉన్నది."

ఆ షక్, అదే అనుమానం, నాకూ అంటుకుంది.

సార్ పెట్టిన ఒక ఆచారం ఉండేది. దాన్ని మొదటి లెక్క అనేవాళ్లు. మాన్యువల్‌లో నేర్చుకునేవాళ్ల కోసం ఒక ఉదాహరణ అచ్చువేశారు. కొన్ని బావుల వివరాలు ఒక పట్టికలో, చివర రావలసిన జవాబు. ఆ పట్టికలోని అంకెలే ఉన్న ఫైలును సార్ కొత్తవాళ్ల కంప్యూటర్‌లో వేసి, పుస్తకం చేతికిచ్చి, "చేసుకుని రా" అనేవారు. అది దాటితేనే అసలు పనికి లాగిన్ ఇచ్చేవారు.

నేను చేశాను. పుస్తకంలోని జవాబు రాలేదు. మళ్లీ చేశాను. రాలేదు. సార్ దగ్గరికి వెళ్లి ఎందుకు రావడం లేదని అడిగితే "ఎక్కడ రాసి ఉందో చూశావా?" అన్నారు. ఏం చెప్పినా అదే మాట. పొడిగింపు గడువు దగ్గరపడుతోంది. అన్న నా భుజం తట్టాడు.

"వచ్చింది సార్ అని జెప్పెయ్. అందరు గట్లనే జెప్తరు. ఆయన వచ్చి సూస్తడా?"

నాకు సార్ మీద నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే అన్న మీద కూడా లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి. అందుకని పుస్తకంలోని పట్టికనూ తెర మీది ఫైలునూ పక్కపక్కన పెట్టుకుని వరుసగా పోల్చుకుంటూ వెళ్లాను. మధ్యలో ఒక చోట ఆగిపోయాను. పుస్తకంలో ఒక అంకె, ఫైల్లో ఇంకో అంకె. అచ్చుతప్పు కాదు, ఎవరో కావాలని మార్చిందే. నా నెత్తురు మరిగిపోయింది. మిగతా వరుసలు చూసే ఓపిక కూడా లేకుండా సార్ గదిలోకి దూసుకెళ్లాను.

"గిదేంది సార్? పుస్తకంల ఒకటున్నది, మీరిచ్చిన ఫైల్ల ఒకటున్నది!"

"ఎవరు మార్చి ఉంటారంటావు?"

"మీరే మార్చిన్రు."

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎందుకు మార్చానంటావు?"

"మాకు పని రావద్దని."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఈ రోజుల్లో నా బతుకు అలాగే ఉందిలే" అన్నారు. తర్వాత జేబులోంచి బీరువా తాళంచెవి తీసి నా ముందుకు జరిపారు.

"మార్చింది నేనే. ఈ ఆఫీసులో నన్ను అనుమానించనివాడు లేడయ్యా. ఫైలును అనుమానించినవాళ్లే బొత్తిగా తక్కువ. ఇక ఆ పుస్తకాలు నీ ఇష్టం. వీలు చూసుకుని ఆ అంకె సరిచేసి, మొదటి లెక్క మళ్లీ చేసి చూడు."

ఆరోజే లాగిన్ వచ్చింది, ఆ వెనకే పొడిగింపూ వచ్చింది. ఆ సంతోషంలో మొదటి లెక్క ఎవడికి గుర్తుంటుంది?

అయినా నా షక్ అంత తేలిగ్గా పోలేదు. పరీక్షే పెట్టారనుకుందాం, మనోళ్లకే పెడుతున్నారేమో? కొన్నాళ్లకు ఆయన సొంత జిల్లా నుంచి, దూరపు చుట్టం కూడానట, ఒకతను చేరాడు. నేను కాపుకాశాను. అతను మధ్యాహ్నానికల్లా వచ్చి "వచ్చేసిందండీ" అన్నాడు. సార్ ఎంత వచ్చిందని అడిగితే పుస్తకంలోని జవాబు గడగడా అప్పజెప్పాడు. "బాగుంది. రేపు ఇంకోసారి చేసి తీసుకురా" అని పంపేశారు. మర్నాడూ అంతే. అతను లేనప్పుడు ఆ ఫైలు తెరిచి చూశాను. నాకిచ్చిన ఫైలే, అదే చోట అదే మారిన అంకె. అతనికి లాగిన్ రావడానికి చాలాకాలం పట్టింది. తాళంచెవి మాత్రం రానేలేదు.

అప్పుడు వెళ్లి మా అన్నను అడిగాను.

"అన్నా, మొదటి లెక్కకు నువ్వేం జెప్పినవ్?"

"వచ్చిందనే జెప్పిన. ఏం జెయ్యాలె మరి?" అని మొహం తిప్పుకున్నాడు. ఆయన ఉక్రోషం ఎక్కడిదో నాకు అర్థమైంది.

ఆ తర్వాతే సార్ నాకు చదవడం నేర్పించారు. ఏ పేజీ అయినా ముందు అడుగు భాగం చూసేవారు. వెర్షన్ ఎంత, తేదీ ఎప్పటిది? "పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొంటావా?" అనేవారు. పుస్తకం మొదట్లో సాఫ్ట్‌వేర్ గొప్పతనం గురించి రాసిన పేజీలు తిప్పేసి, అది ఏయే పనులు చేయలేదో చెప్పే వెనకపేజీలు ముందు చదివించేవారు. "పెళ్లి సంబంధం చూసేటప్పుడు గొప్పలు వాళ్లే చెప్తారు. లోపాలు మనం వెతుక్కోవాలి." ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన జవాబు చూపిస్తే "ఇతను చేసి చూశాడా, విని రాశాడా?" అనేవారు. చదివేటప్పుడు స్టీలు స్కేలు వరుస కింద పెట్టి, చదవడం అయ్యాకే కిందికి జరిపేవారు. పక్కన టీ చల్లారి మీగడ కట్టేది.

కొత్తవాళ్ల కోసం తనే చిన్న చిన్న కాగితాలు రాసేవారు, ఏది ఎక్కడుందో, ఎలా మొదలుపెట్టాలో. వాటినీ నమ్మేవారు కాదు. కొత్తగా చేరినవాళ్లకు కాగితం ఇచ్చి, వెనక కుర్చీ వేసుకుని మాట్లాడకుండా కూర్చునేవారు. వాళ్ల వేలు ఏ మాట దగ్గర ఆగిందో చూసి అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకునేవారు. ఒకసారి ఒకమ్మాయి "సారీ సార్, నాకు సమజ్ కాలేదు" అంటే ఆయన నొచ్చుకున్నారు. "నువ్వు సారీ చెప్పకమ్మా. నువ్వు ఆగావంటే తప్పు రాసినవాడిది." మర్నాటికి ఆ కాగితం మొత్తం తిరగరాశారు. అంతకుముందు నన్ను ఎవరూ అలా కూర్చోబెట్టి, నాకు అర్థం కాకపోవడాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. నా చదువులో ఎక్కడా చూడలేదు. ఆ రుణం పెద్దది.

ఆయన రిటైరయ్యాక మొదటి లెక్క ఆచారం ఆగిపోయింది. టైం దండగ అన్నారు పైవాళ్లు. సార్ అప్పుడప్పుడు ఉప్పల్ బస్టాపులో, కొత్తగా లేస్తున్న మెట్రో స్తంభాల కింద కనిపించేవారు. కనిపించినప్పుడల్లా ఒకటే మాట.

"ఏవయ్యా, ఆ మొదటి లెక్క మళ్లీ చేసి చూశావా?"

పాత గొడవ గుర్తుచేసి మజాక్ చేస్తున్నారనుకునేవాణ్ని. "మీ మీద షక్ ఎప్పుడో పోయింది సార్" అని నవ్వేవాణ్ని. ఆయనా నవ్వి, బస్సు వస్తుందేమోనని అటు చూసేవారు.

రాష్ట్రం వచ్చాక మిఠాయి డబ్బా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఇస్తే ఏమనుకుంటారో అని గేటు దగ్గర కాసేపు తటపటాయించాను కూడా. బాగా చిక్కిపోయి ఉన్నారు. డబ్బా అందుకుని, తిప్పి, కింద తేదీ చూసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "శుభం" అన్నారు. నేను లేచేటప్పుడు మళ్లీ అదే ప్రశ్న. నేను మళ్లీ అదే నవ్వు. అదే ఆఖరిసారి చూడటం.

ఆయన పెద్దకర్మ అయిన తర్వాత మా విభాగంలో సిద్దిపేట దిక్కు నుంచి ఒక అమ్మాయి చేరింది. పైవాళ్లను అడక్కుండానే ఆమెకు మొదటి లెక్క ఇచ్చాను. పాత ఫైలు, పాత పుస్తకం. ఆమె అటు వెళ్లగానే సార్ మాట గుర్తొచ్చింది. పోనీ ఇప్పుడైనా ఆయన కోరిక తీరుద్దామని నా కంప్యూటర్‌లో ఆ అంకె సరిచేసి లెక్క చేశాను.

పుస్తకంలోని జవాబు రాలేదు.

మళ్లీ చేశాను. రాలేదు. ఇంకో అంకె కూడా మార్చి ఉంటారనిపించింది, పాత అనుమానమే. బీరువాలో ఆయన స్టీలు స్కేలు ఇంకా ఉంది. మాన్యువల్ ఇంకో కాపీ తీసి, స్కేలు పెట్టుకుని, అప్పుడు ఓపిక లేక వదిలేసిన వరుసలతో సహా మొత్తం పోల్చాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫైలులో ఇక తప్పు లేదు. అంటే మిగిలింది పుస్తకం. అచ్చేసిన జవాబే తప్పో, అది పాత వెర్షన్ జవాబో.

సార్‌ను అనుమానించాను, అన్నను అనుమానించాను, ఫైలును అనుమానించాను. అచ్చులో ఉంది కదా అని పుస్తకాన్ని వదిలేశాను. బస్టాపులో ఆయన చేసింది మజాక్ కాదు. నేను వచ్చి "సార్, పుస్తకమే తప్పు" అంటానని అన్నేళ్లు ఎదురుచూశారు. ఎక్కడ ఉందో చూపించారు, జవాబు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

సాయంత్రం ఆ అమ్మాయి పుస్తకం గుండెలకు హత్తుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఒకప్పుడు నేను సార్‌ను చూసినట్టే నన్ను చూస్తోంది.

"రాలేదు సార్. మీరిచ్చిన ఫైల్లనే ఏదో మతలబు ఉన్నది."

తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను. పక్క కుర్చీ లాగాను.

"ఫైలు సరి జేసినా నాక్కూడ వస్తలేదమ్మా. కూసో, సూద్దాం."

ఆమె నన్ను నమ్మినట్టు లేదు. కుర్చీ కొంచెం దూరం జరుపుకునే కూర్చుంది. పుస్తకం తెరిచి, ముందు పేజీ అడుగున ఉన్న తేదీ చూసి, సార్ స్కేలు అందుకుని మొదటి వరుస కింద పెట్టింది.