ఇంకో చెయ్యి

గోదావరిఖని ఫుడ్ ఫెస్టివల్‌లో పదకొండు హోటళ్ల రుచి చూసి, పన్నెండో స్టాలు దగ్గర ఓటమి ఒప్పుకొని పెద్దపల్లి బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన టిఫిన్ డబ్బా మూత తీశాడు. ఆయనా అక్కడి నుంచే వస్తున్నట్టున్నాడు. బగారన్నం, తలకాయ కూర, సర్వపిండి ముక్క అన్నీ అందులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కానీ ఆయన తినడు. డబ్బా నా వైపు జరిపి, "తిను బిడ్డా" అన్నాడు.

"కాకా, నా కడుపుల గాలికి గూడ జాగ లేదు."

"ఒక్క ముద్దనే. ముప్పయ్యేండ్లు బొగ్గు బాయిల చేసిన. లోపల ఎవ్వడూ ఒక్కడే తినడు. డబ్బాల ఇంకో చెయ్యి పడ్డంకనే మనం తినుడు. రిటైరై నెలైంది. ఇంట్ల ఒక్కన్నే. బువ్వ లోపలికి పోతలేదు."

ఇలాంటి మాటలకు నా దగ్గర ఎప్పుడూ ఓ జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు నోట్లో తలకాయ కూర ఉండడంతో అనలేకపోయాను. నేను మింగేదాకా చూసి, ఆయన మొదలుపెట్టాడు. పెద్దపల్లి వచ్చేసరికి డబ్బా ఖాళీ.

ఇప్పుడు ఆఫీసులో నా డబ్బా తెరిచి, ముందు పక్కవాళ్ల వైపు జరుపుతాను. నా వంటను వాళ్ల మీద పరీక్షిస్తున్నానని వాళ్ల అనుమానం.