అట్రాక్టా విసిరిన కర్ర

అట్రాక్టా డీగన్‌కి మెయిన్ వీధిలో జుట్టు కత్తిరించే షాపు ఉండేది. కానీ ఆట ఉన్న రోజున దానికి తాళం పడాల్సిందే. "పెళ్లికూతురైనా సరే, రేపు రమ్మను" అనేసేది. కొడుకు కాహల్ బడి తరఫున హర్లింగ్, అంటే కర్రలతో బంతి కొట్టే ఐరిష్ ఆట, ఆడేవాడు. ఆ జట్టుకు కర్రలు మోసే పని ఆమెది.

అది మగాళ్ల పనని ముసిముసిగా నవ్విన వాళ్లూ ఉన్నారు. ఆమె ఖాతరు చేస్తేనా! కర్రల కట్ట చంకన పెట్టుకుని, చలివానలో, బురదలో మైదానం గీత వెంబడి పరుగెత్తేది. ఎవడి కర్ర విరిగినా వాడు చెయ్యి చాపేలోగా కొత్తది అందించేది. చిన్నప్పుడు తనూ ఆడి వేళ్లు విరగ్గొట్టుకున్న మనిషి. ఒట్టి చేతులతో బంతికి ఎదురెళ్తే ఏమవుతుందో ఆమెకొకరు చెప్పక్కర్లేదు.

ఆ ఏడు బడి ఫైనల్‌కి చేరింది. అంతకుముందు ఒక్కసారి కూడా ఆ కప్పు ముట్టిన పాపాన పోలేదు మరి! ఊరంతా పిచ్చెక్కిపోయింది. మాంసం కొట్టాయన సాసేజీలకు కూడా జట్టు రంగుల రిబ్బన్లు కట్టాడు.

ఆఖరి నిమిషానికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గోలు ముందు పెద్ద తోపులాటై ఫౌల్ వచ్చింది. వీళ్లకి దొరికిన ఫ్రీ హిట్ కొట్టేది కాహల్. గోల్ పడితే మూడు పాయింట్లు, కప్పు వీళ్లదే. అట్రాక్టా ఆ గోలు వెనకే నిలబడి ఉంది.

అప్పుడు చూసిందామె. తోపులాటలో అవతలి జట్టు గోల్‌కీపర్ కర్ర విరిగి, చేతిలో పిడి మాత్రం మిగిలింది. వాళ్ల కర్రల మనిషేమో మైదానం ఆ చివరెక్కడో ఉన్నాడు. రెఫరీ అది గమనించకుండానే విజిల్ ఊదేశాడు.

"కొట్టరా కాహల్! చూస్తావేంట్రా, కొట్టూ!" అని జనం గొంతులు చించుకుంటున్నారు.

గోల్‌కీపర్ బిక్కమొహం వేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఇదిగో నాన్నా, పట్టుకో!" అంటూ అట్రాక్టా తన కట్టలోంచి ఒక కర్ర లాగి విసిరేసింది. వాడు అందుకున్నాడు. కాహల్ బలంకొద్దీ కొట్టాడు. ఆ కర్రతోనే గోల్‌కీపర్ బంతిని ఆపేశాడు. ఆట అయిపోయింది.

జట్టుకు ఆట నేర్పే ఫింటన్ మాస్టారు ఊగిపోతూ వచ్చాడు. "నీకసలు మతుందా అట్రాక్టా? అవతలోళ్లకి కర్ర అందిస్తావా? పిల్లల నోటికాడ కూడు లాగేశావు కదమ్మా!"

"పిల్లాడు ఒట్టి చేతుల్తో నిలబడ్డాడు మాస్టారూ. ఏం చెయ్యమంటారు?" అంది. మాస్టారు ఎన్ని తిట్టినా పడేదే, కానీ కొడుకు మొహం చూసే ధైర్యం మాత్రం లేదామెకు.

కాహల్ హెల్మెట్ తీస్తూ దగ్గరికొచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

"అమ్మనేం అనకండి సార్. విజిల్ ఊదగానే కొట్టుంటే గోలే. వాడి చేతికి కర్ర అందేదాకా నేనే ఆగాను."

అట్రాక్టా కర్రలన్నీ కింద పడేసి, అంత జనంలో కొడుకుని గట్టిగా వాటేసుకుంది.

"అబ్బా, అందరూ చూస్తున్నారమ్మా!"

"చూడనీరా" అంది.