గడప దగ్గర మొదలుపెట్టిన నేల

మా ఆయనకు కిటికీ ఊచల సందులోంచి తిండి అందించాల్సిన రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. జైల్లో కాదు, శర్మిళ వాళ్ళింటి బాత్రూములో. ఆయన్ను అందులో బంధించింది ఎవరో కాదు, ఆయనే.

ఆయన పేరు గోపాలసామి. ఈ మలేషియాలో, మా క్లాంగ్ ఊళ్ళో టైల్స్ పని అంటే మన తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆయనే. పుట్టింది సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో. తండ్రి తెల్లారకముందే లేచి చెట్లకు గాటు పెట్టి పాలు తీసేవాడు. తోట చేతులు మారాక ఈయన క్లాంగ్ వచ్చి ఒక చీనా మేస్త్రీ దగ్గర చేరాడు. ఆ మేస్త్రీ తిట్టని రోజు లేదట, కానీ పని మాత్రం దాచుకోకుండా నేర్పాడు. అప్పటి నుంచి ఈయన చూపంతా నేల మీదే. పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికూతుర్ని చూడడు, మంటపం నేల చూస్తాడు. మా పెదనాన్న పోయినప్పుడు శవం పక్కన కూర్చుని, లోపల బోలుగా ఉందేమోనని వేలి కణుపుతో టైలు కొట్టి చూస్తున్నాడు. నేను తొడ మీద గట్టిగా గిల్లితే గానీ ఆపలేదు.

ఇదివరకు ఒక బాత్రూం చేయాలంటే పైపులవాడు వేరు, టైల్స్ వాడు వేరు, కరెంటువాడు వేరు. ఎవరి పని వాళ్ళది. ఈయనకు పని దొరికితే పైపులకు వసంతన్‌ను పిలిచేవాడు, వసంతన్‌కు దొరికితే టైల్స్‌కు ఈయన్ను పిలిచేవాడు. వసంతన్ మా ఇంట్లో తిన్న పూటలకు లెక్కలేదు. ఇప్పటికీ నన్ను వదినా అనే పిలుస్తాడు.

ఇప్పుడు అందరూ అన్నీ చేస్తారు. పైపులవాడు టైల్స్ వేస్తాడు, ఏసీ బిగించేవాడు కుళాయిలు బిగిస్తాడు, అల్యూమినియం తలుపులవాడు తలుపుతో మొదలుపెట్టి లోపలికి నడిచొచ్చేశాడు. కిటికీలకు ఇనప గ్రిల్లు వేసే అరుముగం కూడా మొన్న ఎవరింట్లోనో కమోడు పెట్టాడట. వసంతన్‌కు వ్యాను వచ్చింది, వ్యాను మీద పేరు వచ్చింది, కింద పనివాళ్ళు వచ్చారు, వాళ్ళందరికీ నీలం టీషర్టులు వచ్చాయి. మా ఆయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

ఏడాదిగా వసంతన్ అడుగుతూనే ఉన్నాడు. "నా దగ్గరకు వచ్చీ అన్నా. నెలకింత జీతం ఇస్తాను, డాక్టరు కర్సు నాదే. పని ఉందా లేదా అని నువ్వు సూసుకోనక్కర్లేదు."

ఈయన సమాధానం ఎప్పుడూ ఒకటే. "ఆడికి పైపు తిన్నగా పట్టుకోడం నేర్పింది నాను. ఆడి కింద నానేటి?"

నేను మాత్రం వెళ్ళమనే పోరాను. పని దొరకని వారాల్లో గోడకేసి చూస్తూ కూర్చునే మనిషిని చూసుకునేది నేను. మోకాళ్ళకు నూనె రాసేదీ నేనే. పౌరుషానికి నూనె ఎవరు రాస్తారు.

అంతలో శర్మిళ ఇల్లు తగిలింది. మా వైపు బంధువుల అమ్మాయి, టీచరు. మేడ మీదొకటి, కిందొకటి, రెండు బాత్రూములు బాగుచేయించాలి. కింద దానికి పైపులు వసంతన్‌వి, టైల్స్ ఈయనవి. పని ఎవరిది బాగుంటే మేడ మీదది మొత్తం వాళ్ళకే ఇస్తానంది.

ఆ రాత్రి అన్నం కలుపుతూ ఈయన నాతో అన్నాడు: "మీదది మొత్తం నాకొస్తే దాన్ని సూపించి ఇంకో నాలుగు తెచ్చుకుంటాను. రాకపోతే ఇంక నీతో వాదించను. ఆడి నీలం సొక్కా తొడుక్కుంటాను, సరేనా?"

సరే అన్నాను. ఆయన మాట అంటే మాటే.

శుక్రవారానికి గోడలు అయిపోయాయి. సాయంత్రం వసంతన్ ఫోను చేశాడు. "అన్నా, కిందకి వంగడం నీకు కష్టం గదా. నేల రేపు నా మనిషి ఏసేస్తాడు. మద్దేనం తీసుకొస్తాను లా."

మాట చివర లా తగిలించడం ఇక్కడందరికీ అలవాటే. ప్రేమతోనే అన్నాడేమో నాకు తెలియదు. ఈయనకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నేల వేయని టైల్స్ వాడికి ఇంక మిగిలేదేముంది? శనివారం పొద్దున్నే, నేను టీ పెట్టేలోపే, బండేసుకుని వెళ్ళిపోయాడు.

టైల్స్ వేసేవాడెవడైనా లోపలి మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి జరుగుతూ వస్తాడు. తడి టైలు మీద మర్నాటి దాకా అడుగు పెట్టకూడదు కదా. ఇది నాకు కూడా తెలుసు. ఈ మహానుభావుడు ఆ రోజు గడప దగ్గర మొదలుపెట్టాడు. ముందు తలుపు దగ్గర వరసలు వేసేస్తే వసంతన్ మనిషి లోపలికి ఎలా వస్తాడో చూద్దామని. మరి తను బయటికి ఎలా వస్తాడు? కిటికీ ఉంది కదా అనుకున్నాడట. దానికి మసక అద్దం పలకలు, ఒక్కొక్కటీ లాగేస్తే వచ్చేస్తాయి. వయసులో ఉన్నప్పుడు అలాంటి కిటికీల్లోంచి ఎన్నిసార్లు దిగలేదు.

పలకలు లాగాడు. అవతల కొత్త గ్రిల్లు. మొన్న గురువారం సాయంత్రం ఈయన ఇంటికి వచ్చేశాక అరుముగం వచ్చి బయట నుంచి బిగించి వెళ్ళాడు. మసక అద్దంలోంచి లోపలికి కనపడలేదు.

మధ్యాహ్నం అన్నం క్యారేజీ, కాపీ కడైలో, అదే టీకొట్టులో, కట్టించిన టీ సంచీ పట్టుకుని నేను వెళ్ళేసరికి ఇదీ సంగతి. తలుపు నుంచి చూస్తే నిగనిగలాడే నేల, అవతల కిటికీ కింద జానెడు జాగాలో బోర్లించిన బకెట్టు మీద మా ఆయన. తిట్టాలో నవ్వాలో తెలియలేదు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అక్కడే ఉండు. అడుగెయ్యకు," అన్నాడు. "ఎనక సందులోకి రా."

వెనక సందులోకి వెళ్ళాను. క్యారేజీ ఊచల్లో పట్టలేదు. అరటాకు ముక్కలో ఒక్కో ముద్ద చుట్టి అందించాను. చేతులు సిమెంటుతో ఉన్నాయి, అలాగే తిన్నాడు. ప్లాస్టిక్ సంచీలో టీ మాత్రం సులువుగా దూరింది, గొట్టం పెట్టుకుని తాగాడు. ఆ ఊచల వెనక ఆయన మొహం చూస్తే నాకు నవ్వు ఆగిపోయింది.

నేను తిరిగి తలుపు దగ్గరకు వచ్చేసరికి వసంతన్ వచ్చాడు. గడప ముందు నిలబడి అంతా ఒక్క చూపులో గ్రహించాడు. ఎగతాళి చేయలేదు, అది చెప్పాలి. వ్యానులోంచి నిచ్చెన తెప్పించి, "గడప మీదొక కొస, బకెట్టు మీదొక కొస పెడతాం, మెల్లిగా పాక్కుంటా వచ్చీ అన్నా," అన్నాడు.

"నీ నిచ్చెన నాకొద్దు," అన్నాడు ఈయన. ఆ మోకాళ్ళతో నిచ్చెన కమ్మీల మీద పాకలేడని ముగ్గురికీ తెలుసు.

వసంతన్ గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఫోను లైటు వేసి, చెంప దాదాపు నేలకు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. చాలాసేపు చూశాడు. "నా మనుసులంతా కలిసినా ఇలాగ ఏయనేరు వొదినా," అన్నాడు నాతో. మా ఆయన బకెట్టు మీద నిటారుగా కూర్చున్నాడు. ఆ ఒక్క క్షణం గెలిచాడు, నేను చూశాను.

స్కూల్లో ఆటల పోటీలు ముగించుకుని శర్మిళ అప్పుడే వచ్చింది. నేల చూసి రెండు చేతులూ బుగ్గలకు పెట్టుకుంది. వచ్చీ రాని తెలుగులో, "వావ్ అంకుల్, చాలా బాగుంది," అంది. తర్వాత వసంతన్ వైపు తిరిగింది. "అంకుల్, మీద బాత్రూం మీరు తీసుకోండి. పైప్, హీటర్, వారంటీ అన్నీ ఒక్కరిదే ఉండాలి నాకు. కానీ టైల్స్ మాత్రం ఈ అంకులే వెయ్యాలి. ఓకే లా?"

ఇద్దరికీ న్యాయం చేశానని ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

"మీదది నాకన్నావు గదమ్మా," అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

"టైల్స్ మీకే కదా అంకుల్."

వసంతన్ లేచి నిలబడ్డాడు. "సోమారం నుంచి వచ్చీ అన్నా. ఇంక ఆలోచించకు. వొదినా, నువ్వైనా సెప్పు."

అందరూ నా వైపు చూశారు. మా ఆయన కూడా. ఆయన గదికి ఆ చివర ఉన్నాడు, మేం ముగ్గురం ఈ చివర. రెండు అడుగులు వేస్తే మా మధ్యకు వచ్చి నిలబడి తన మాట తను చెప్పుకోవచ్చు.

"వస్తారు," అన్నాను నేను.

"రత్నా," అన్నాడాయన. బకెట్టు మీద నుంచి లేచాడు. కుడి కాలు ఎత్తి టైలు మీదకు చాపాడు. ఆ అడుగు పడితే వరస జారిపోయేది, నీళ్ళు పోయే వాటం చెడిపోయేది, తన మనుషులెవరూ ఇలా వేయలేరన్న వసంతన్ మాట అక్కడే చచ్చిపోయేది. పడితే పడనీ అనుకున్నాను. ఏడాదిగా పోరి సాధించుకున్నది పోతే పోనీ అనుకున్నాను.

ఆయన కిందకు చూశాడు. కాలు అలా గాల్లోనే కాసేపు ఉంది. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకుని బకెట్టు మీద కూర్చున్నాడు, నేల ఆరే మర్నాటి దాకా ఇంక అక్కడే.

వాళ్ళు మేడ మీద కొలతలు తీసుకోడానికి వెళ్ళారు. నేను ఇంకో టీ సంచీ కట్టించుకుని వెనక సందులోకి వెళ్ళాను. కోరుకున్నదే జరిగింది. ఆయన ఊచల మధ్య నుంచి చేయి చాపి సంచీ అందుకున్నాడు. నా మీద కేకలేస్తాడేమో, వేస్తే బాగుండునని ఎదురు చూశాను. గొట్టం నోట్లో పెట్టుకుని సగం దాకా తాగాడు.

"సొక్కా పెద్ద సైజు సెప్పు," అన్నాడు. "సంకల్లో పట్టేస్తే పని సెయ్యనేను."